అమ్మ తలలో రక్తనాళం పగిలింది: క్లిప్పా, కాయిలా? రేపు పొద్దున్నకల్లా చెప్పమంటున్నారు

సుధ_ఖమ్మం | మంగళవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అమ్మకి 54 ఏళ్ళు. ఆదివారం పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లుతూ బకెట్ వదిలేసి తల పట్టుకుని కూలబడింది. "వెనక నుంచి ఎవరో రోకలితో కొట్టినట్టుందే" అంది. వెంటనే వాంతి, మెడ పట్టేసింది. పక్కవీధి ఆర్‌ఎంపీ వచ్చి బీపీ 170 ఉందని, పైత్యం కూడా చేసిందని ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళాడు. సాయంత్రానికి నొప్పి కాస్త తగ్గింది. మేమూ ఊరుకున్నాం.

సోమవారం మధ్యాహ్నానికి ఎడమ కంటి రెప్ప వాలిపోయింది. ఎత్తుదామన్నా లేవట్లేదు. కంటి జబ్బే అనుకుని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ టార్చ్ వేసి రెండు కనుపాపలూ చూశారు. ఎడమది పెద్దదైపోయి, వెలుతురు పడినా కదలట్లేదు. "తలనొప్పి ఏమైనా వచ్చిందా, ఎప్పుడు?" అని ఒక్క ప్రశ్న అడిగి, అప్పటికప్పుడు తలకి సీటీ రాసేశారు. మెదడు చుట్టూ రక్తం ఉందని తేలింది. రాత్రికి రాత్రే అంబులెన్స్‌లో హైదరాబాద్ వచ్చాం.

ఇక్కడ సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాల స్కాన్) చేసి, ఎడమ పక్క పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ఆర్టరీ అనే మెదడు రక్తనాళం మొదట్లో 7 మిల్లీమీటర్ల ఎన్యూరిజం, అంటే నాళం గోడ బుడగలా ఉబ్బింది, అది పగిలింది అన్నారు. తల తెరిచి ఆ బుడగ మెడకి క్లిప్ పెట్టొచ్చట, తొడ దగ్గర నుంచి వైరు పంపి బుడగలో తీగ చుట్టలు నింపే కాయిల్ కూడా చెయ్యొచ్చట. రెండూ చెప్పి, ఇంట్లో మాట్లాడుకుని పొద్దున చెప్పండి అన్నారు. నాన్న "తల మాత్రం కొయ్యనివ్వొద్దు" అంటున్నారు. అమ్మ మెలకువగానే ఉంది, మాట్లాడుతోంది. నాకే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.

రేడియో_రమణ | మంగళవారం, రాత్రి 11:41

సుధ గారూ, ముందు ఒక మాట. ఆ కంటి డాక్టరమ్మకి దణ్ణం పెట్టాలి. నేను 16 ఏళ్ళుగా సీటీ టెక్నీషియన్‌ని. ఇలాంటి కేసులు అద్దాల చీటీతో ఇంటికెళ్ళిపోవడం చూశాను.

కంటి రెప్పని ఎత్తే నరం, కనుపాపని చిన్నది చేసే నరం ఒకటే. మూడో నరం అంటారు. అది సరిగ్గా మీ అమ్మగారి ఎన్యూరిజం ఉన్నచోటు పక్కనుంచే పోతుంది. రక్తనాళం గోడ బుడగలా ఉబ్బి నరాన్ని నొక్కితే రెప్ప వాలుతుంది, పాప విచ్చుకుంటుంది. తలనొప్పితో పాటు ఈ రెండూ కనిపిస్తే అది తల స్కాన్ కేసు. కంటి చుక్కల మందు కేసు కాదు.

సీటీలో ఏం కనిపిస్తుందో చెప్తాను, రేపు ఫిల్మ్ చేతికిస్తే మీరే చూడొచ్చు. మెదడు అడుగున మధ్యలో నీళ్ళు నిండిన ఖాళీలుంటాయి. మామూలుగా అవి నల్లగా, అయిదు మూలల నక్షత్రంలాగా కనిపిస్తాయి. రక్తం చేరితే ఆ నక్షత్రం తెల్లబడుతుంది. రిపోర్టులో సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్ అని రాసేది దీన్నే.

డాక్టర్_కాని_డాక్టర్ | మంగళవారం, రాత్రి 11:50

నాకో డౌట్. మా బావకి ఇలాగే హఠాత్తుగా తలనొప్పి వస్తే సీటీ నార్మల్ అని పంపేశారు. సీటీ బాగుంటే ఇక భయం లేనట్టేనా?

రేడియో_రమణ | మంగళవారం, రాత్రి 11:58

ఎప్పుడు తీశారన్నదాన్ని బట్టి. నొప్పి మొదలైన 6 గంటల్లోపు, ఈ కాలపు మిషన్ మీద తీసి, అనుభవమున్న రేడియాలజిస్టు చూస్తే రక్తం తప్పిపోవడం చాలా అరుదు. గంటలు గడిచేకొద్దీ రక్తం ఆ నీళ్ళలో కలిసి పలచబడుతుంది, రోజులు గడిస్తే సీటీ నార్మల్‌గానే కనిపించొచ్చు. అలాంటప్పుడు అనుమానం తీరకపోతే నడుములో సూది పెట్టి వెన్ను నీరు తీస్తారు. రక్తం విరిగి ఆ నీరు పసుపు రంగుకి తిరగడానికి సుమారు 12 గంటలు పడుతుంది, అందుకే ఆ టెస్టుకి కాస్త ఆగమంటారు. వెన్నులో సూది అనగానే మనవాళ్ళు సంతకం పెట్టరు, అదో బాధ.

మత్తు_డాక్టర్ | బుధవారం, రాత్రి 12:15

ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చేవాణ్ణి, న్యూరో కేసులు రోజూ చూస్తాను. మీ అమ్మగారి ఫిల్మ్ నేను చూడలేదు కాబట్టి ఏది చేయించాలో చెప్పను. మీరు పొద్దున అడగాల్సినవి చెప్తాను.

మొదటిది, ఏది చేసినా తొందరగా చేయాలి. ఒకసారి పగిలిన ఎన్యూరిజం మళ్ళీ పగిలే ముప్పు మొదటి 24 గంటల్లో అన్నిటికంటే ఎక్కువ, తర్వాతి రోజుల్లోనూ ఉంటుంది. రెండోసారి పగిలితే చాలామంది బతకరు. మీరు ఇప్పటికే మూడో రోజులోకి వస్తున్నారు. క్లిప్పా కాయిలా అని ఇంట్లో పంచాయితీ పెట్టి ఇంకో రెండు రోజులు లాగొద్దు.

రెండోది, ఆ బుడగ మెడ ఎంత వెడల్పుందో అడగండి. బుడగని కుండ అనుకోండి. మూతి సన్నగా ఉంటే లోపల ప్లాటినం తీగ చుట్టలు కూరితే కదలకుండా ఉంటాయి. మూతి వెడల్పైతే జారి అసలు రక్తనాళంలోకి రావొచ్చు, అప్పుడు బెలూన్‌లాంటి సాయం కావాలి. స్టెంట్ (నాళంలో ఉంచేసే జల్లెడ గొట్టం) పెడితే రక్తం పలచన చేసే మాత్రలు తప్పవు. అప్పుడే పగిలిన తలకి ఆ మాత్రలు ఇవ్వడమంటే మాకు భయమే.

మూడోది, ఆ ఆస్పత్రిలో ఈ రెండు పనులూ ఎవరెవరు చేస్తారు, నెలకి ఎన్ని చేస్తారు. మొహమాటం లేకుండా అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోడు.

పల్లెటూరోడు | బుధవారం, రాత్రి 12:32

మా ఊళ్ళో ఒకాయనకి ఇదే జబ్బు. లక్షలు పోసి తల కోయించారు, వారానికి పోయాడు. మాట్లాడుతున్న మనిషిని ఎందుకు హింస పెట్టడం? ఇంటికి తీసుకెళ్ళి మంచి నాటువైద్యుడికి చూపించుకోండి. ఇది నా అభిప్రాయం.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | బుధవారం, రాత్రి 12:44

అన్నా, మీ బాధ అర్థమవుతుంది కానీ ఈ సలహా ప్రాణం తీస్తుంది. మాట్లాడుతున్న మనిషి కాబట్టే ఆపరేషన్ చేయాలి. ఎంత మెలకువగా ఉన్నారన్నదాన్ని బట్టే వీళ్ళకి ఒకటి నుంచి అయిదు దాకా గ్రేడ్ ఇస్తారు. తక్కువ గ్రేడ్‌లో ఉన్నప్పుడు చేస్తే ఫలితం బాగుంటుంది. మీ ఊరాయన కోమాలో వచ్చారో ఏమో మనకి తెలీదు కదా.

సుధమ్మా, రాత్రి అమ్మని ఎక్కువ మాట్లాడించకు. చుట్టాలని వరసపెట్టి లోపలికి పంపకు. మలబద్ధకం లేకుండా మందు ఇస్తారు, ముక్కకూడదు. దగ్గు వస్తుంటే చెప్పు. ఒత్తిడి పెరిగితే బుడగ మళ్ళీ పగలొచ్చు, ఆ గదిలో లైట్లు తగ్గించింది కూడా అందుకే.

పాతపుస్తకం | బుధవారం, రాత్రి 1:05

నిద్రపట్టక ఇది చదువుతున్నాను. సుధ గారి నాన్నగారికి చెప్పడానికి పనికొస్తుందేమో. ఎన్యూరిజం మెడకి క్లిప్ పెట్టడం మొదట చేసింది వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్, 1937లో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో. ఆ రోగికీ అచ్చం ఇలాగే మూడో నరం దెబ్బతిని కంటి రెప్ప వాలిపోయింది! అప్పట్లో వాడింది చిన్న వెండి క్లిప్. అంతకు పదేళ్ళ ముందే, 1927లో, పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలకి మొదటి యాంజియోగ్రఫీ చేశాడు. అది లేకపోతే బుడగ ఎక్కడుందో తెలిసేదే కాదు. కాయిల్ చాలా తర్వాత వచ్చింది. గుగ్లియెల్మి అనే ఇటలీ డాక్టర్ లాస్ ఏంజెలెస్‌లో 1990లో మొదటి రోగికి వేశాడు. తీగని లోపలికి పంపాక సన్నటి కరెంటు ఇస్తే అది వైరు నుంచి ఊడి అక్కడే ఉండిపోతుంది.

డల్లాస్_కిరణ్ | బుధవారం, రాత్రి 1:20

ఇక్కడ బైడెన్‌కి 1988లో ఇదే జరిగింది. ఒకటి పగిలింది, ఇంకోటి పగలకుండా దొరికింది, కొన్ని నెలల తేడాతో రెండుసార్లు తల ఆపరేషన్. అప్పుడాయన సెనేటర్. తర్వాత 2021లో ప్రెసిడెంట్ అయ్యాడు. రాజకీయాలు పక్కన పెట్టండి, తల తెరిస్తే మనిషి పనికిరాడు అనేవాళ్ళకి చెప్పడానికి అంతే.

క్లిప్, కాయిల్ రెండింటికీ పోటీ పెట్టి చేసిన పెద్ద స్టడీ ఒకటుంది, ఐశాట్ అంటారు, 2002లో వచ్చింది, 2,143 మంది మీద. ఏడాది తర్వాత చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చినవాళ్ళు కలిపి కాయిల్ గ్రూపులో నూటికి సుమారు 24, క్లిప్ గ్రూపులో సుమారు 31. అంటే కాయిలే గొప్ప కదా?

మత్తు_డాక్టర్ | బుధవారం, రాత్రి 1:34

కిరణ్ గారూ, లెక్క కరెక్టే, కానీ ఆ స్టడీలోకి తీసుకున్నది రెండింటికీ పనికొస్తారని డాక్టర్లకి అనిపించినవాళ్ళని మాత్రమే. అందులో ఎక్కువమంది మంచి గ్రేడ్‌వాళ్ళు. ఎవరికైనా కాయిలే మేలు అని దాని అర్థం కాదు. పైగా కాయిల్ వేసినవాళ్ళకి కొన్నాళ్ళకి బుడగ మళ్ళీ రక్తంతో నిండి రెండోసారి చేయాల్సి రావడం ఎక్కువ, అందుకే వాళ్ళని స్కాన్లతో చూస్తూ ఉంటారు. ఖమ్మం నుంచి ఏటా వచ్చి చూపించుకోగలరా అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఖర్చు కూడా: కాయిల్స్ ఎన్ని పడితే అన్నిటికీ బిల్లు, ఎన్ని పడతాయో ముందుగా కచ్చితంగా చెప్పలేరు. ఆరోగ్యశ్రీ ఉంటే అక్కడి ఆరోగ్యమిత్రని ఇప్పుడే లేపి అడగండి.

సుధ_ఖమ్మం | బుధవారం, ఉదయం 9:10

మెడ 4 మిల్లీమీటర్లు, వెడల్పుగానే ఉందన్నారు. కాయిల్ అయితే బెలూన్ సాయం కావాలి, స్టెంట్ కూడా పడొచ్చన్నారు. క్లిప్ అయితే ఒక్కసారితో తేలుతుంది, నరం మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది, మేం వారంలో మూడు చేస్తాం అన్నారు సర్జన్. నాన్నకి కుండ, మూతి అని మత్తు డాక్టర్ గారు రాసింది చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మూత బిగిస్తారన్నమాట" అని సంతకం పెట్టేశారు. 11 గంటలకి తీసుకెళ్తున్నారు. సగం జుట్టు తీసేశారు, అమ్మ దానికే ఏడ్చింది.

సుధ_ఖమ్మం | బుధవారం, సాయంత్రం 6:45

అయింది. టైటానియం క్లిప్ పెట్టారు. కళ్ళు తెరిచింది, నా చెయ్యి నొక్కింది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గండం గడిచింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | బుధవారం, రాత్రి 7:30

చాలా సంతోషం తల్లీ. గండం సగమే గడిచిందని చెప్పడానికి మనసొప్పట్లేదు కానీ చెప్పాలి. బయటికొచ్చిన రక్తం మెదడు రక్తనాళాలని చిరాకు పెడుతుంది. పగిలిన నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా అవి ముడుచుకుపోవచ్చు. వేసోస్పాజమ్ అంటాం. ఈ రోజుల్లో మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోతున్నా, మత్తుగా ఉన్నా వెంటనే సిస్టర్‌ని పిలువు, తెల్లారనీ అనుకోకు.

దాని దెబ్బ తగ్గించడానికే నిమోడిపిన్ మాత్రలు మొదలుపెట్టి ఉంటారు. 60 మిల్లీగ్రాములు, నాలుగు గంటలకోసారి, 21 రోజులు. అర్ధరాత్రి రెండింటికి లేపి మరీ ఇస్తాం, పేషెంట్లు తిడతారు, అయినా ఇస్తాం. బీపీ పడిపోతుంటే 30 చొప్పున రెండు గంటలకోసారి చేస్తారు. మింగలేనివాళ్ళకి ముక్కు గొట్టంలో వేస్తాం. మాత్రలోని ఆ మందుని రక్తనాళంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు, అందుకే నోటికి మాత్రమే అని సిరంజి మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకుంటాను.

సుధ_ఖమ్మం | శనివారం, మధ్యాహ్నం 3:05

సిస్టర్ గారూ, మీరన్నట్టే అయింది. పొద్దున అమ్మ నన్ను చెల్లి పేరుతో పిలిచింది. నవ్వేశాను. పది గంటలకి గ్లాసు పట్టుకుంటే కుడిచెయ్యి జారిపోయింది. పరుగెత్తి పిలిచాను. స్కాన్ చేసి నాళాలు ముడుచుకున్నాయి అన్నారు. ఇప్పుడు బీపీ పెంచడానికి మందు ఎక్కిస్తున్నారు! మంగళవారం 160 దాటకూడదని తగ్గించారు, ఈరోజు 180కి పెంచుతామంటున్నారు. నాన్న డాక్టర్ల మీద అరిచేశారు. అసలేంటిది? దానికి తోడు రక్తంలో ఉప్పు (సోడియం) 126కి పడిపోయిందట.

మత్తు_డాక్టర్ | శనివారం, మధ్యాహ్నం 3:22

రెండూ సరైనవే సుధ గారూ. మంగళవారం బుడగకి మూత లేదు. ఒత్తిడి పెరిగితే మళ్ళీ పగిలేది, అందుకే తగ్గించారు. ఇప్పుడు మూత పడింది, కానీ పైన కాలువలు సన్నబడ్డాయి. సన్నటి పైపులోంచి పొలం చివరి మడికి నీళ్ళు ఎక్కాలంటే మోటారు గట్టిగా తొయ్యాలి కదా. నాన్నగారికి ఈ మాట చెప్పండి.

దీనికి లొంగకపోతే మళ్ళీ యాంజియో చేసి ఆ నాళంలోకే మందు వదులుతారు, అవసరమైతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. సోడియం సంగతి: ఈ జబ్బులో కిడ్నీలు ఉప్పుని బయటికి వదిలేయడం మామూలే. వేరే కొన్ని జబ్బుల్లో సోడియం తగ్గితే నీళ్ళు తగ్గించమంటారు. వీళ్ళకి మాత్రం నీళ్ళు తగ్గిస్తే స్పాజమ్ ముదురుతుంది. గాఢమైన ఉప్పు సెలైన్ మెల్లగా ఎక్కిస్తారు. "ఉప్పు తగ్గిందట" అని ఇంటి నుంచి ఊరగాయ తేవద్దు. నవ్వకండి, తెచ్చినవాళ్ళున్నారు.

బొబ్బిలి_మాస్టారు | శనివారం, సాయంత్రం 5:40

అమ్మాయీ, ధైర్యంగా ఉండు. నాకు 2014లో పగిలింది, క్లాసులో బోర్డు మీద లెక్క రాస్తుండగా. ఎనిమిదో రోజు నాకూ మాట పోయింది. మా ఆవిడని చూసి "సుద్దముక్క" అన్నానట. మెదడులో నీరు చేరితే నెత్తిమీంచి గొట్టం వేసి పక్కన సంచీలోకి వదిలారు, పదకొండు రోజులు. అన్నీ తిరిగొచ్చాయి, ఇప్పుడు రిటైర్ అయ్యి మనవడికి ఎక్కాలు చెప్తున్నాను.

తిరిగిరానివి కూడా చెప్తాను, ఎవరూ ముందు చెప్పరు. కణత దగ్గర ఇప్పటికీ మొద్దుబారి ఉంటుంది, వాసనలు సరిగా తెలియవు. మొదటి ఏడాది కుక్కర్ విజిల్ వేస్తే తల పట్టుకుని పెరట్లోకి పోయేవాణ్ణి. మధ్యాహ్నానికి ఒళ్ళు అలసిపోయి పడుకోకపోతే కుదిరేది కాదు. బయటికి బాగానే కనిపిస్తాం కాబట్టి ఇంట్లోవాళ్ళు బద్ధకం అనుకుంటారు. మీ అమ్మని అలా అనకండి.

సుధ_ఖమ్మం | మంగళవారం, రాత్రి 10:15

చెయ్యి లేస్తోంది. నిన్న ఒకసారి యాంజియోలో మందు వేశారు. సోడియం 134. ఈరోజు నా పేరు సరిగ్గా పిలిచి, "చెల్లి పరీక్ష ఫీజు కట్టావా" అని అడిగింది. కట్టలేదు. తిట్టింది. ఇంత హాయిగా తిట్లు ఎప్పుడూ తినలేదు.

ఇంకో డౌట్. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, పన్నెండేళ్ళ క్రితం తలనొప్పి అంటూ పడిపోయి గంటలో పోయింది. గుండెపోటు అనుకున్నాం. ఇక్కడ డాక్టర్ అడిగితే చెప్పాను, ఆయన రాసుకున్నారు. మేం ముగ్గురు పిల్లలం స్కాన్ చేయించుకోవాలా?

మత్తు_డాక్టర్ | మంగళవారం, రాత్రి 10:50

అమ్మ, నాన్న, తోబుట్టువులు, పిల్లలు: ఈ దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరికి వచ్చి ఉంటే స్కాన్ చేయించుకోమంటారు. మీకు అమ్మ ఒక్కరే ఆ లెక్కలోకి వస్తారు, పిన్ని రారు. అమ్మకి అన్నదమ్ములు ఉన్నారా? వాళ్ళకైతే ఇద్దరూ తోబుట్టువులే. ముందు చూడాల్సింది వాళ్ళని. పిన్నిగారిది ఇదేనని రుజువు లేకపోయినా కథ అలాగే ఉంది. గుండెపోటు అనుకోవడంలో వింత లేదు, మెదడులో రక్తం చిమ్మితే ఈసీజీ కూడా మారుతుంది. మీ ముగ్గురి సంగతి అమ్మగారి సర్జన్‌తో మాట్లాడండి. సిగరెట్, బీపీ ఉన్నాయా అన్నది చూస్తారు.

సుధ_ఖమ్మం | మంగళవారం, రాత్రి 10:58

మావయ్య ఉన్నాడు. రోజుకి రెండు కట్టలు బీడీలు. బీపీ మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు.

రేడియో_రమణ | మంగళవారం, రాత్రి 11:03

లాక్కొచ్చి చేయించండి. ఎమ్మారై యాంజియో చాలు, సూది కూడా ఉండదు.

సుధ_ఖమ్మం | మూడు నెలల తర్వాత

ఈ థ్రెడ్ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. చాలామంది పర్సనల్‌గా అడుగుతున్నారు.

21 రోజుల మాత్రలు అయ్యాక ఇంటికొచ్చాం. అమ్మ ఎడమ రెప్ప ఇప్పుడు ముప్పావు వంతు లేస్తోంది, కనుపాప ఇంకా కాస్త పెద్దదే. మాస్టారు చెప్పిన కుక్కర్ విజిల్ ఇక్కడా అంతే, కుక్కర్ అటక మీద పెట్టేశాం. మావయ్యకి స్కాన్ చేస్తే 3 మిల్లీమీటర్ల బుడగ దొరికింది. ఇప్పుడే ఏమీ చేయక్కర్లేదు, బీడీ మానాలి, బీపీ అదుపులో ఉండాలి, కొన్ని నెలలకి మళ్ళీ స్కాన్ అన్నారు. బీడీ మానాడా అంటే, మా ఎదుట మానాడు.

చివరి ప్రశ్న. అమ్మకి మోకాలు నొప్పికి ఎమ్మారై రాశారు. తలలో క్లిప్ ఉండగా తీయొచ్చా?

రేడియో_రమణ | అదే రోజు, సాయంత్రం

టైటానియం క్లిప్ అయితే మామూలుగా ఇబ్బంది ఉండదు. కానీ మీరు నోటితో చెప్తే మేం నమ్మం, నమ్మకూడదు. పాతకాలం క్లిప్పుల్లో కొన్ని అయస్కాంతానికి కదిలేవి. డిశ్చార్జ్ సమ్మరీలో క్లిప్ కంపెనీ, మోడల్ నంబరు ఉండాలి. లేకపోతే ఆస్పత్రికి వెళ్ళి స్టిక్కర్ కాపీ అడిగి రాయించుకోండి. లోపలికి వెళ్ళే ముందే చూపించండి.

సుధ_ఖమ్మం | మరుసటి వారం

రాయించుకున్నాను, లామినేషన్ కూడా చేయించాను. అమ్మ దాన్ని పర్సులో ఆధార్ కార్డు వెనకాల పెట్టుకుంది.